బౌక్యే నయం

మొదటి పండితుడు ఇంకా ప్రశ్న దాకా రాలేదు. ముందు కృతజ్ఞతలు, ఆ తరువాత అభినందనలు, ఆ తరువాత తను కుర్రవాడుగా ఉన్నప్పుడు ఇదే విషయం మీద రాసిన వ్యాసం, దాన్ని లోకం సరిగ్గా పట్టించుకోలేదన్న దిగులు. అలేడా టెర్‌ప్‌స్ట్రా నల్ల గౌను లోపల చెమట పట్టి, మెడ దగ్గర మఖ్మలు గీరుకుంటూ ఉంటే, అర్ధచంద్రంలా వేసిన కుర్చీల్లో చిట్టచివరి దానిలో కూర్చుని వింటోంది. చివరి కుర్చీ, చివరి వంతు. డాక్టరేట్ పరీక్ష ముప్పావుగంట. ముప్పావుగంట కాగానే విశ్వవిద్యాలయపు దండధారిణి కోబా వెండి దండం పట్టుకుని తలుపు తోసుకుని వస్తుంది, గచ్చు మీద దండం ఠంగుమని కొడుతుంది, "హోరా ఎస్ట్!" అంటుంది, గంట అయిపోయిందని. ముప్పావుగంటను గంట అనడం ఈ విశ్వవిద్యాలయం చెప్పే మొదటి అబద్ధం, కానీ అందరికీ ఇష్టమైన అబద్ధం. కోబా ఆ మాట అన్నాక ఇక ఈ హాల్లో రాజుగారైనా ప్రశ్న అడగడానికి లేదు. అలేడా దగ్గర ఉన్నది ఒక్క ప్రశ్న, ఆ ప్రశ్న చివర ఒక్క పేరు. ఖాడీ జోప్. ఆ పేరు ఈ జనం ముందు, ఆ తలుపు పైన బిగించిన చిన్న కెమెరా ముందు వినపడాలి, కోబా రాకముందే వినపడాలి. ఈ గోడలు దాటాక ఆ పేరును ఎవరూ పలకరు. అలా పలకకుండా ఉండడానికి ఎంత మర్యాదైన ఏర్పాట్లున్నాయో ఆమెకు ఈ రెండు వారాల్లో బాగా తెలిసివచ్చింది.

ఈ వంతుల వరస రైనౌట్ వేసిందే. అడుగో, అభ్యర్థికి గురువుగా మధ్యలో కూర్చున్నాడు, టోపీ కాస్త పక్కకు వంచి, పెళ్ళికొడుకు తండ్రిలా. ముప్పై ఏళ్ళుగా సహోద్యోగి. పొద్దున కాఫీ దగ్గర భుజం మీద చెయ్యేసి, "నిన్ను చివర పెట్టాను అలేడా, పాయసం చివర్లోనే కదా వడ్డిస్తారు" అన్నాడు. పాయసమట! మొదటి ముగ్గురూ ఎవరనుకున్నావు, ఒక్కొక్కడూ గుక్క తిప్పుకోకుండా పావుగంట మాట్లాడగల ఘనులు, ఏరికోరి తెచ్చాడు. పాయసం వడ్డించేలోపు విస్తళ్ళెత్తేస్తారు, అదే వాడి ఎత్తు. వాడి ఎదురుగా బల్ల వెనక నిలబడ్డవాడే ఆ అభ్యర్థి యోరిట్, మంత్రిత్వ శాఖలో పెద్ద అధికారి, తోకకోటు, తెల్ల టై, నున్నటి చెంపలు. ఏదో అంతర్జాతీయ బ్యాంకులో కుర్చీ ఎదురుచూస్తోంది, పేరు ముందు డాక్టర్ అని ఉంటే ఆ కుర్చీకి కాళ్ళు గట్టిపడతాయి. "మహాపండితులైన ప్రశ్నకర్తగారికి నా కృతజ్ఞతలు, ఎంతో లోతైన ప్రశ్న" అని మొదలుపెట్టాడు. లోతా! ఆ ప్రశ్నలో చీలమండ కూడా తడవదు. ముందు వరస చివర చక్రాల కుర్చీలో ఉన్న ముసలామె, తొంభై దాటి ఉంటుంది, ముత్యాల దండ, చెవిలో యంత్రం కుయ్యిమని ఈల వేస్తోంది, హాలంతటికీ వినపడేట్టు, "ఏమంటున్నాడే మనవాడు?" అని అడిగింది. పక్కనున్న కూతురు, "అబ్బ, ఊరుకో అమ్మా!" అని కసిరింది. అంతా నవ్వారు. యోరిట్ కూడా ముద్దుగా నవ్వి, ఆ నవ్వులో కొంత కాలం గడిపాడు. కాలం వాడి పక్షాన ఉంది, అది వాడికి తెలుసు.

గోడ మీద వరసగా పటాలు, మూడు వందల ఏళ్ళ మగ పండితులు, ఒక్కరికీ నవ్వు లేదు. పాతికేళ్ళ కిందట మొదటిసారి ఈ గౌను తొడుక్కున్నప్పుడు అలేడాకు వాళ్ళను చూస్తే గర్వమనిపించింది, తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడూ అమ్మ రాలేదు. పాలు పితకాలంది. నిజానికి అమ్మకు ఈ చదువు మీద ఎప్పుడూ నమ్మకం లేదు, అది ఒక రోజు కొట్టంలో బయటపడింది. యూరప్ అంతా పాలు పొంగిపోయి, వెన్న గోదాముల్లో కొండలయ్యి, ఆవుల్ని తగ్గించుకోమని ఇంటింటికీ చెప్పడానికి ప్రభుత్వం మనుషుల్ని పంపిన రోజులు. ఫ్రీస్‌లాండ్ పల్లెలోని వాళ్ళ ఆవుల కొట్టానికి వచ్చినవాడు ఆర్థికవేత్త, మెరిసే బూట్లు, చేతిలో గీతల కాగితం. మీ ఆవులు ఖండానికే నష్టమమ్మా అని విడమరిచి చెప్తున్నాడు, సరిగ్గా వాడి వెనకే బౌక్యే అనే ఆవు తోకెత్తింది. అమ్మ వాడి చొక్కా చెయ్యి పట్టి ఇవతలికి లాగి ఉండకపోతే ఆ బూట్ల గతి అధోగతే. లాగి, చేతులు తుడుచుకుని, తాపీగా అంది: "ఆర్థికవేత్త కన్నా మా బౌక్యే నయం. పేడ వేసే ముందు తోకైనా ఎత్తుతుంది." అన్నది వాడినే, చూపు మాత్రం మూల నిలబడ్డ కూతురి మీద ఉంది. కూతురు అప్పటికి అర్థశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి ఏడాదైంది.

రెండో పండితుడు గొంతు సవరించుకున్నాడు. టోపీ తీసి, గుండె దగ్గర పట్టుకుని, "మాన్య అభ్యర్థీ" అన్నాడు. వీడు మూడు భాగాల ప్రశ్న తెచ్చాడు, మొదటి భాగంలో మూడు ఉపభాగాలు. అయ్యో దేవుడా. అలేడా గడియారం వంక చూడకూడదనుకుని చూసింది. అమ్మ మాట ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మాటా అది, ఆర్థికవేత్తల మధ్య? రోమ్‌లో చెప్తుందా, జెనీవాలో చెప్తుందా, వాషింగ్టన్‌లో ఆ కిటికీల్లేని గదుల్లో, నీళ్ళ సీసాలూ చాకొలెట్ బిళ్ళలూ పరిచిన బల్లల చుట్టూ, "పేదలు" అన్న మాట రోజుకు వందసార్లు అంటూ ఒక్క పేదవాడి ముఖమూ చూడని సభల్లో చెప్తుందా? నలభై ఏళ్ళు. ఎన్ని వ్యాసాలు, ఒకరి వ్యాసాన్ని ఒకరు ఉదహరించుకోవడం, నా వీపు నువ్వు గోకు, నీ వీపు నేను గోకుతాను, గోకి గోకి అందరి వీపులూ పుళ్ళయినా ఆ పుళ్ళనే పతకాల్లా తగిలించుకు తిరగడం. ఏ దేశమైనా ఒకే కషాయం: తలుపులు తెరవండి, సబ్సిడీలు తీసెయ్యండి. వాళ్ళు తలుపులు తెరిస్తే, మన గోదాముల్లో మిగిలిన పాలు పొడై, సంచులై, ఆ తలుపుల్లోంచే లోపలికి వెళ్ళాయి. మన తలుపుల మాట మాత్రం వచ్చే సభలో మాట్లాడుకుందాం అనుకునేవారు, వచ్చే సభ ఇంకో మంచి ఊళ్ళో ఉండేది. ఆ గదుల్లో కూర్చుని తనూ తల ఊపింది, తనూ చాకొలెట్ బిళ్ళలు తింది, అది తలుచుకుంటే ఇప్పుడు కూడా నోరు చేదవుతుంది.

ఖాడీ వచ్చాకే ఆ చేదుకు ఒక పేరు దొరికింది. డకార్ నుంచి తన దగ్గర పరిశోధనకు వచ్చింది, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకదాన్ని వెక్కిరిస్తూ, ఇక్కడి చలినీ, ఒక్క బిస్కత్తు ఇచ్చి డబ్బా మూత పెట్టేసే ఇక్కడి మర్యాదనూ. మూడు వానాకాలాలు సెనెగల్ ఉత్తరాన పాలమ్ముకునే ఆడవాళ్ళతో కూర్చుంది, వాళ్ళ సొరబుర్రల గిన్నెల్లో పాలెందుకు పుల్లబడి మిగిలిపోతున్నాయో, పక్కనే కొట్లో పాలపొడి ఎంత చవగ్గా దొరుకుతోందో, ఆ ఆడవాళ్ళ చేతిలోంచి సంసారం ఎలా జారిపోయిందో, ఒక్కో గడపా ఎక్కి తెలుసుకుంది. ఆ చలికాలం ఆదివారాలు అలేడా వంటింట్లో బఠాణీ సూప్ తాగుతూ ఖాడీ దాని మీద రాసిన అధ్యాయం ఇద్దరూ చదువుకునేవారు. అలాంటి ఒక ఆదివారమే అమ్మ మాట నోరుజారి చెప్పింది. ఖాడీ చెంచా కింద పడేసి, బల్ల కొట్టి కొట్టి నవ్వింది. ఈ దేశంలో సిద్ధాంత గ్రంథంతో పాటు ఒక కాగితం మడిచి పెడతారు, దానిలో పది ప్రతిపాదనలు, ముందువన్నీ పాండిత్యం, చివరిది ఒక పరిహాసం, ఆనవాయితీ అది. "దొరికింది నా పదోది! మీ అమ్మగారు ఒప్పుకుంటారా?" అంది ఖాడీ. "అమ్మ పోయింది, బౌక్యే కూడా పోయింది. రాసుకో పిల్లా" అంది అలేడా. ఆ రాత్రే ఖాడీ దాన్ని రాసి తన చిత్తుప్రతి చివర చేర్చింది.

ఆ వసంతంలోనే అలేడా రొమ్ములో గడ్డ బయటపడింది. ఆస్పత్రి, కోత, వాంతులు, జుట్టు ఊడిన ఏడాది. ఖాడీని రైనౌట్ చూసుకుంటానన్నాడు. పువ్వులు తెచ్చాడు, మంచం పక్కన కూర్చుని, "నువ్వు నిశ్చింతగా ఉండు, నేను లేనూ?" అన్నాడు. చూసుకున్నాడు, బ్రహ్మాండంగా చూసుకున్నాడు. అలేడా మళ్ళీ లేచి నిలబడేసరికి ఖాడీ గది ఖాళీ. "పిల్ల మంచిదే అలేడా, కష్టపడుతుంది, కానీ సిద్ధాంత బలం చాల్లేదు. నేనే చెప్పాను, ఇంటికెళ్ళి ఏదైనా ఉపయోగపడే పని చూసుకోమని." గడువు పొడిగించడానికి సంతకం పెట్టాల్సింది వాడు, పెట్టలేదు, వీసా అయిపోయింది, అంతే సంగతి. ఖాడీ ఇప్పుడు సెనెగల్‌లోనే, సెంలూయీలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తోంది, డాక్టరేట్ లేదు గనక ఎప్పటికీ తాత్కాలికమే. చిత్తుప్రతి మాత్రం రైనౌట్ బీరువాలో ఉండిపోయింది. అదిప్పుడు యోరిట్ పుస్తకంలో మూడో అధ్యాయమై అట్ట వేసుకుని కూర్చుంది. దొంగతనం అనుకుంటే ఒక ఎత్తు, దాన్ని తిరగేసి కుట్టారు చూడు, అది ఇంకో ఎత్తు: అవే ఊళ్ళు, అవే ఆడవాళ్ళు, అవే పుల్లబడ్డ పాలు, ముగింపు మాత్రం తలకిందులు. చవక పాలపొడి వల్ల వినియోగదారులు లాభపడ్డారు, పాలమ్మే స్త్రీలు "ఇతర వృత్తులలోకి స్వేచ్ఛగా తరలారు". స్వేచ్ఛగానట. థూ!

ఈ పరీక్ష సభ్యుల్లో ఒకాయన జబ్బుపడితే డీన్ కార్యాలయం తనను వేసింది, పదవీ విరమణ చేసిన ముసలిదే కదా, సంతకం పెట్టి పోతుందని. కారణం చెప్పకుండా కాదనలేక రైనౌట్ గుటకలు మింగి ఉంటాడు. పుస్తకం వచ్చింది, చదివింది, రక్తం మరిగింది, కానీ ఏం చూపించి అడుగుతుంది? సమాచారమంతా ప్రాజెక్టుదంటారు, వాక్యాలు ఒక్కటీ కలవకుండా తిరగరాశారు, ఆ మాత్రం తెలివి ఉంది. అప్పుడు పుస్తకంలోంచి ఆ ప్రతిపాదనల కాగితం జారి ఒళ్ళో పడింది. పదోది: "ఆర్థికవేత్త కన్నా బౌక్యే అనే ఆవు నయం. పేడ వేసే ముందు తోకైనా ఎత్తుతుంది." ఓరి మీ తెలివి తగలెయ్య! అధ్యాయమంతా కడిగి, పిండి, ఆరేసి, హాస్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఏదో పల్లెటూరి సామెత అనుకున్నారు. సామెతకు సొంతదారు ఉండదుగా, ఆవు పేరు కూడా బాగా మట్టివాసన కొడుతోందనుకుని ఉంటారు. జీవితంలో ఒక్క కొట్టంలో అడుగుపెట్టినవాడైనా ఈ పొరపాటు చేయడు, ఆవుకు పేరు పెట్టారంటే అది ఎవరి ఆవో అని వాడికి అనుమానం రావాలి. డీన్ దగ్గరకు వెళితే ఆయన చేతులు జోడించి విన్నాడు. "ఫిర్యాదు పెట్టండి, నైతిక సంఘం చూస్తుంది, రెండేళ్ళు పట్టొచ్చు. అంతా రహస్యం. ఆ అమ్మాయి పేరు కూడా బయటికి రాదు, ఆమె రక్షణ కోసమే." రక్షణ! పేరు లేకుండా చేసినవాళ్ళ నుంచి పేరును దాచి కాపాడతారట. నిన్న ఫోన్లో ఖాడీ ఒక్కటే అంది: "హాల్లో అన్నదే అన్నట్టు, అలేడా. నేను ఇక్కడ తెర ముందు కూర్చుని చూస్తుంటాను." ఆ తలుపు మీది కెమెరాకు అవతల ఇప్పుడు ఖాడీ ఉంది.

మూడో పండితుడి ప్రశ్నకు యోరిట్ జవాబు చెప్తూనే ఉన్నాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ చెప్పాడు, "నాలుగో పట్టికకు వెళదాం" అన్నాడు, వెళ్ళాడు, వెనక్కొచ్చాడు. రైనౌట్ పొట్ట మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తలుపు అవతల అడుగుల చప్పుడు. సభకు అధ్యక్షుడైన రెక్టర్ ఇటు తిరిగాడు. "ప్రొఫెసర్ టెర్‌ప్‌స్ట్రా గారూ, కాలం స్వల్పం. కాస్త క్లుప్తంగా."

అలేడా మాన్య అభ్యర్థీ అనలేదు, కృతజ్ఞతలూ చెప్పలేదు. "మీ పదో ప్రతిపాదన చదవండి."

యోరిట్ ముఖం విప్పారింది. నాటకం చదివినట్టు చదివాడు. హాలు గొల్లుమంది. "ఎందుకే నవ్వుతున్నారు?" అంది ముసలామె.

"ఈ మాట మీకెక్కడిది?"

"మహాపండితురాలైన ప్రశ్నకర్తగారికి కృతజ్ఞతలు. ఇది మా అమ్మమ్మ మాట. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేది." చెయ్యి ముందు వరస వైపు చాచాడు. "అదిగో, ఈ రోజు ఇక్కడే ఉంది." హాలంతా అబ్బ అంటూ కరిగిపోయింది, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఎంత హాయిగా చెప్పాడు అబద్ధం, పళ్ళు తోముకున్నంత సులువుగా!

"బౌక్యే మా ఆవు" అంది అలేడా. "ఆ మాట మా అమ్మది. మా కొట్టంలో అన్నది. దాన్ని నేను ఈ లోకంలో ఒకే ఒక్క మనిషికి చెప్పాను. ఈ మూడో అధ్యాయం రాసింది కూడా ఆ మనిషే. ఆమె పేరు..."

ఠంగు! దండం, దాని తలకు కట్టిన వెండి గంటలు, కోబా గొంతు, అన్నీ ఒక్కసారి. "హోరా ఎస్ట్!" పేరు అన్నది, నోరు కదిలింది, కానీ తన చెవికే వినపడలేదు. కోబాదేం తప్పు, ఆమె గడియారాన్ని చూస్తుంది గానీ మనుషుల్ని చూడదు, అందుకే ఆ ఉద్యోగం. రెక్టర్ ఆనవాయితీ ప్రకారం, "అభ్యర్థి కోరుకుంటే తన జవాబు పూర్తి చేయవచ్చు" అన్నాడు. యోరిట్ చిన్నగా వంగి, "అక్కర్లేదండీ, ధన్యవాదాలు" అన్నాడు. అందరూ దానికీ నవ్వారు.

వెనక గదిలో తలుపు మూయగానే టోపీలు తీసి నెత్తులు గోక్కున్నారు. పట్టా బల్ల మీద సిద్ధంగా ఉంది, ఎర్ర లక్క ముద్ర ఎప్పుడో పడింది, పేరు ఎప్పుడో రాశారు. లోపల ఏం తేల్చుకోవాలని వచ్చినట్టు! "వేడి వేడి మాంసపు ఉండలు, బిటర్‌బాలెన్ ఉన్నాయా కింద, లేక మళ్ళీ ఆ జున్ను ముక్కలేనా?" అన్నాడు మూడో పండితుడు. రైనౌట్ కలం ఆమె వైపు జరిపాడు. "మీ అమ్మగారి కథ బాగుంది అలేడా. మనసుకు హత్తుకుంది."

"ఆ అధ్యాయం ఖాడీది. నీకు తెలుసు."

"గంట అయిపోయింది. హాల్లో అనంది అననట్టే, నీకు తెలియని నియమం కాదు కదా."

"అనుమానం ఉంటే సంఘం ఉందిగా, రహస్యంగా..." అన్నాడు రెక్టర్, గడియారం చూసుకుంటూ.

వాళ్ళెవరికీ కోపం కూడా రాలేదు, అదే ఆమెకు అన్నిటికన్నా రోత పుట్టించింది. ఒక్కడు అరిచినా, ఒక్కడి చెవులు ఎర్రబడినా క్షమించి ఉండేదేమో. అలేడా గౌను విప్పి కుర్చీ మీద పడేసింది, టోపీ దాని మీద పెట్టింది. కలం ముట్టుకోలేదు. "ఏం చేస్తున్నావు? మనం వరసగా లోపలికి వెళ్ళాలి!" అన్నాడు రైనౌట్. "మీరు వెళ్ళండి" అంది ఆమె, పాత నీలం స్వెట్టర్‌లో పక్క తలుపు గుండా నడవాలోకి, నడవా నుంచి జనం వచ్చే తలుపులోంచి హాల్లోకి వచ్చింది. యోరిట్ తల్లి ఫొటోలు తీయడానికి ముందుకు పోయింది, చక్రాల కుర్చీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అలేడా దానిలో కూర్చుంది.

పెద్ద తలుపులు తెరిచారు. దండంతో కోబా, వెనక రెక్టర్, వెనక వరసగా నల్ల గౌన్లు. హాలంతా లేచి నిలబడింది, అది మర్యాద. కూర్చుని ఉన్నది ఇద్దరే, మోకాళ్ళు పోయిన ముసలామె, అలేడా. రెక్టర్ టోపీ తీసి నిశ్శబ్దం కోసం ఆగాడు. నిశ్శబ్దమైంది.

"మామ్మగారూ," అంది అలేడా మెల్లగా, "బౌక్యే గురించి మీ మనవడికి చెప్పింది మీరేనా?"

"ఏంటీ? గట్టిగా చెప్పమ్మాయ్! ఈ దిక్కుమాలిన యంత్రం ఈలలు వేయడం తప్ప దేనికీ పనికిరాదు!"

అలేడా గట్టిగా చెప్పింది. ఆవు పేరూ, పేడా, తోకా, అన్నీ.

"పేడా? ఛీ ఛీ! నేనా?" ముసలామె ముత్యాలు పట్టుకుంది. "హేగ్‌లో పుట్టి హేగ్‌లో పెరిగినదాన్ని, వెన్న పొట్లం మీద తప్ప ఆవును చూసిన పాపాన పోలేదు! వీడు చిన్నప్పట్నుంచీ ఇంతేనమ్మాయ్. పక్కింటి పిల్లాడి సైకిలు తెచ్చుకుని అమ్మమ్మ కొనిచ్చిందనేవాడు!" ఎక్కడో ఒక నవ్వు మొదలై మధ్యలో ఆగిపోయింది. రెక్టర్ దగ్గాడు. రైనౌట్ ముఖం తెల్లగా పాలిపోయింది, యోరిట్ బల్ల అంచు పట్టుకుని తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. "మరి ఆ మాట రాసిందెవరు?" అని అడిగింది ముసలామె.

"ఖాడీ జోప్."

"ఎవరూ? నోట్లో నోట్లో గొణక్కు, మళ్ళీ చెప్పు!"

అలేడా లేచి నిలబడింది. నలభై ఏళ్ళుగా సభల్లో వాడని గొంతు ఒకటి ఉంది, పొలం అవతలి గట్టు నుంచి ఆవుల్ని ఇంటికి పిలిచే అమ్మ గొంతు. అది వచ్చింది. "ఖాడీ జోప్! ఆ పుస్తకంలో మూడో అధ్యాయం రాసింది ఖాడీ జోప్!"

ముసలామె సంతృప్తిగా తల ఊపి, వరసలో నిలబడ్డ నల్ల గౌన్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసింది.

"మరి ఆ పిల్లను పిలవలేదేం?" అంది, హాలంతటికీ వినపడేట్టు.